పేరు రాయని చీటీ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. నా ఇంట్లోంచి ఒక మనిషి వెళ్ళిపోతారు, ఆ సంగతి నాకు తప్ప అందరికీ ముందే తెలిసి ఉంటుంది.

ఊరికే వచ్చిన భయం కాదిది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. ఇంటిపనికి కువైట్ వెళ్ళిపోయింది. నాన్నకు తెలుసు, పక్కింటివాళ్ళకు తెలుసు, నాకంటే చిన్నవాళ్ళయిన మా తమ్ముళ్ళకు కూడా తెలుసు. నాకు చెబితే ఏడ్చి గోల చేస్తానని చెప్పలేదట. ఆ పొద్దున అమ్మ నాకు జడ వేసి, విప్పి, మళ్ళీ వేసింది. నేనేమో బడికి ఆలస్యమవుతోందని విసుక్కున్నాను. మర్నాటి నుంచి పొయ్యి నాది, తమ్ముళ్ళ అన్నాలు నావి. బడి అక్కడితో సరి.

అప్పటినుంచీ నాకు మనుషుల్ని కనిపెట్టి చూడటం అలవాటైపోయింది. ఎవరు ఏ సంచి దులిపారు, ఎవరు ఫోను బోర్లా పెట్టారు, ఎవరు ఏ కారణమూ లేకుండా ప్రేమగా మాట్లాడారు, అన్నీ చూస్తాను. చూడకుండా ఉండలేను.

మాది నరసాపురం పక్కన పల్లె. పెళ్ళయి అమీర్‌పేట వచ్చి అయిదేళ్ళు. మా ఆయన నోయెల్ పంజాగుట్టలో ఒక రక్తపరీక్షల సెంటర్లో పనిచేస్తారు. పొద్దున్నే బండి మీద శ్రీనగర్ కాలనీ, బేగంపేట తిరిగి ఇళ్ళల్లో రక్తం తీసుకొస్తారు. మా పాప మిల్కాకు నాలుగేళ్ళు. మామయ్య లేరు. అత్తయ్య జీవమణిగారు మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఇక మా ఆయన చెల్లెలు ఫెయిత్. ఇరవై ఒక్క ఏళ్ళు. పంజాగుట్టలో చీరల షోరూములో బిల్లులు కొడుతుంది. ఆదివారం కొయిర్‌లో ముందు నిలబడి పాడుతుంది. ఆ గొంతు వినడానికే పక్క సంఘాలవాళ్ళు వస్తారని అత్తయ్య కనబడినవాళ్ళందరికీ చెబుతారు.

మా ఇంటికి ఒక గది, ఒక హాలు, ఒక వంటిల్లు. గదిలో మేం ముగ్గురం. హాల్లో అత్తయ్య, ఫెయిత్, టీవీ.

సెప్టెంబరులో మొదలైంది. ఆరింటికి డ్యూటీ దిగి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండే ఫెయిత్, మంగళవారం, గురువారం ఎనిమిది దాటాక రావడం మొదలుపెట్టింది. అడిగితే "స్టాక్ చెకింగ్ వదినా" అంది. సరే అనుకున్నాను. కానీ మంచం మీదికి విసిరేసే బ్యాగును ఇప్పుడు మేకుకు తగిలిస్తోంది. అదీ జిప్పు గోడవైపు ఉండేలా. చూపుడువేలికి పెన్ను సిరా. బిల్లులు కంప్యూటర్లో కొట్టే పిల్లకు సిరా ఎక్కడిది?

మా ఆయనకు చెప్పాను.

"ఏమండీ, ఫెయిత్ ఏదో దాస్తోంది."

ఆయన షూ లేసులు విప్పుకుంటూ నవ్వారు. "పోయిన నెల నా మీద అనుమానం. గీ నెల ఫెయిత్ మీద. వచ్చే నెల ఎవరు, మిల్కానా?"

"నవ్వులాటకు కాదండీ. వేలికి సిరా ఉంది."

"సిరా ఉంటే ఏందే? పోలీసోళ్ళను పిలవాల్నా?"

పోయిన నెల సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆయన కొత్త చొక్కా ఒకటి తెచ్చుకుంటే ఎవరిచ్చారని మూడు రోజులు అడిగాను. బేగంపేటలో ఒక ముసలాయన రక్తం తీసేటప్పుడు నొప్పి తెలియలేదని సంబరపడి ఇచ్చాడట. నేను ఆ ముసలాయన ఇంటికి ఫోన్ చేసి మరీ తెలుసుకున్నాను. నాకు సిగ్గేసింది, నిజమే. ఒక్కసారి తప్పయినంత మాత్రాన ప్రతిసారీ తప్పవుతుందా?

ఆ గురువారం మిల్కాకు చెప్పులు కొనాలని అత్తయ్యకు చెప్పి పంజాగుట్ట వెళ్ళాను. షోరూముకు ఎదురుగా మెట్రో మెట్ల కింద పాపను చంకనెత్తుకుని నిలబడ్డాను. ఆరయ్యాక ఫెయిత్ వచ్చింది. ఒక్కతే. ఎవరో బండి మీద వస్తాడు, ఎక్కి వెళ్ళిపోతుంది అనుకుంటూ చూశాను. ఎవరూ రాలేదు. అమీర్‌పేట వైపు నడక మొదలుపెట్టింది. నేనూ వెనక నడిచాను. ఆఫీసులు వదిలే వేళ, అంత జనంలో ఎవరు ఎవరి వెనక నడుస్తున్నారో ఎవరికి పట్టింది?

మైత్రీవనం దాటి ఒక సందులోకి తిరిగింది. నేల నుంచి కప్పు దాకా బోర్డులే ఉన్న బిల్డింగు. జావా, పైథాన్, టాలీ, స్పోకెన్ ఇంగ్లీషు. మూడో అంతస్తు దాకా ఎక్కింది. నేను నిమిషం ఆగి ఎక్కాను. పైన తలుపు మీద కాగితం బోర్డు: "మీ జీవితం, మీ లక్ష్యం. వారానికి రెండు క్లాసులు."

ఏమని లోపలికి వెళ్ళాలో తెలియక నిలబడితే, బల్ల దగ్గరి అమ్మాయి తల కూడా ఎత్తకుండా అంది. "డెమోకు వచ్చిండ్రా అక్కా? చెప్పులు గాడ ఇడువుండ్రి. పాప ఏడ్వదు గదా?"

అమీర్‌పేటలో అదొక సుఖం. ఏ మెట్లెక్కినా డెమో క్లాసుకొచ్చావనే అనుకుంటారు. మూడు రోజులు ఉచితంగా కూర్చోనిస్తారు, నచ్చితే ఫీజు కడతాం. మా సందులో హాస్టలు పిల్లలు కొందరు ఏడాది పొడుగునా డెమోల మీదే బతుకుతారు. నేను డెమో అన్నాను. కూర్చున్నాను.

పాఠం చెప్పేది మహిపాల్ అని నలభై దాటిన మనిషి. చొక్కా చేతులు మడిచి, చేతిలో మార్కరు పట్టుకుని, ఇంట్లో చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

"బస్సెక్కినం. కండక్టర్‌కు పైసలిచ్చినం. ఏడికి అంటే చెప్పలేదు. టికెట్ ఏడికి కొడ్తడు? కొట్టడు. దిగుమంటడు. మనం గట్లనే ఎక్కి కూసున్నం. నలభై ఏండ్లాయె, దిగుమనేటోడు గూడ లేడు. కాగితం తీస్కోండ్రి. ఏం గావాల్నో ఐదు రాయుండ్రి. ఎట్లొస్తదో తర్వాత చూద్దాం."

ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. "సార్, ఐదే రాయాల్నా? ఆరోది ఉన్నది."

"యాభై రాయుండ్రి పెద్దాయనా. ఇది ఇంటర్ పరీక్ష గాదు."

నేను చుట్టూ చూశాను. ఇలాంటివి నాకు తెలుసు. ముందు మంచి మాటలు చెబుతారు, మూడో రోజు పౌడరు డబ్బాలు బయటికి తీసి, కొని ఇంకో పదిమంది చేత కొనిపించమంటారు. డబ్బాలు ఎక్కడ పెట్టారా అని మూలలు వెతికాను. నీళ్ళ క్యాను, విరిగిన కుర్చీ, అంతే.

కాగితం ఇచ్చారు కదాని రాశాను. మిల్కాను ఇంగ్లీషు మీడియంలో చదివించాలి. మిల్కా డాక్టరు కావాలి. మిల్కాకు పళ్ళు సరిగా రావాలి. మిల్కాకు ఈత రావాలి.

మహిపాల్ వంగి చదివాడు. "ఇవి పాపవి అక్కా. మంచిగున్నయ్. మీవి రాయుండ్రి."

"నావీ అవేనండీ."

"పాప పెద్దగయి, నేను డాక్టర్ గాను, నాకు టైలరింగ్ ఇష్టం అంటే?"

"అలా ఎందుకంటుందండీ? నేను అననివ్వను!"

గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నా కూతురి సంగతి ఇతనికెందుకు? కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

అక్కడ రెండు గదులు, మధ్యలో అద్దం. అవతల పాత బ్యాచి కూర్చుంది. ఫెయిత్ అటువైపు తిరిగి రాసుకుంటోంది. పక్కనున్న నడివయసావిడ ఏదో అంటే ఫెయిత్ నవ్వింది. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నవ్వింది. అయిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆ నవ్వు నేను ఎరగను.

ప్రేమ వ్యవహారమే అయితే నాకు భయం కొంచెం తగ్గేదేమో. అందులో ఎవడో ఒకడుంటాడు, వాడిని పట్టుకోవచ్చు, తిట్టొచ్చు. ఇక్కడ ఎవడూ లేడు. ఇక్కడ ఉన్నది ఒక కాగితం. అందులో ఏం రాస్తోంది?

శనివారం ఫెయిత్ తలంటుకోవడానికి వెళ్ళినప్పుడు బ్యాగు తీశాను. బైబిలుకు జిప్పున్న కవరు ఉంటుంది. అందులో దొరికింది. గుండ్రటి అక్షరాలు. పైన "జనవరి 31 లోపు" అని రాసి రెండు గీతలు గీసింది.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలట. అన్న చేసే పనికి తను తక్కువేం కాదట. ఇరవై ఆరు నిండేదాకా పెళ్ళి మాట వద్దట. ఈ ఇంట్లోంచి వెళ్ళి విడిగా ఉండాలట. రూము ఎంత చిన్నదైనా ఫరవాలేదు, లోపల గడియ ఉంటే చాలు అని రాసింది. ఆ గడియ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా గదికి గడియ ఉంది. హాలుకు లేదు. ఆ పిల్ల బట్టలు మార్చుకోవాలంటే బాత్రూములోకి వెళ్తుంది. అది రోజూ చూస్తూనే ఉన్నాను. అన్నీ చూసే నేను.

చివర ఒకటుంది. "కొయిర్‌లో పాడటం మానేయాలి. నాకు పాడటం ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

కాగితం ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశాను. జనవరికి మూడు నెలలు కూడా లేదు. ఇంకొక మనిషి నా ఇంట్లోంచి వెళ్ళిపోతోంది. ఈసారి తెలిసింది నాకొక్కదానికే. తెలిస్తే భయం పోతుందనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. పోలేదు.

ఎవరికి చెప్పాలి? మా ఆయనకు చెబితే కేకలేస్తారు. అత్తయ్యకు చెబితే పిల్లను గుమ్మం దాటనివ్వరు. ఫెయిత్‌నే అడుగుదామంటే నేను బ్యాగు తీశానని తెలిసిపోతుంది. మిగిలింది దేవుడు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. గుమ్మం పక్కన చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన మనవి ఏదైనా ఉంటే చీటీ మీద రాసి అందులో వేస్తాం. పేరు రాయక్కర్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు చీటీలు ఒక్కొక్కటీ చదువుతారు, మేం కళ్ళు మూసుకుని ఆమెన్ అంటాం. ఒక సహోదరుడు తాగుడు మానాలని, ఒక సహోదరికి గర్భఫలం కలగాలని. ఎవరిదో చాలాసార్లు అందరికీ తెలుస్తుంది. తెలిసినా ఎవరూ అడగరు, కళ్ళు మూసుకుని ఉంటాం కదా. మిల్కాకు డెంగ్యూ వచ్చినప్పుడు వేశాను, మా ఆయన ఉద్యోగం పర్మినెంటు కావాలనీ వేశాను. పాస్టరుగారు కరెంటు బిల్లు చదివినట్టు గబగబా చదివేస్తారు. నాకు ఆ పెట్టె అంటే ధైర్యం.

రాశాను. "ఒక కుటుంబంలో ఒక ఆడపిల్ల జనవరికల్లా ఇల్లు వదిలి వేరుగా ఉండాలని తీర్మానం చేసుకున్నది. ల్యాబు చదువు చదవాలని, ఇప్పట్లో పెళ్ళి వద్దని, పాటలు మానేయాలని అనుకుంటున్నది. ప్రభువు ఆమె మనసు మార్చి ఇంట్లోనే ఉంచునట్లు ప్రార్థించండి." పేరు లేదు. నాలుగు మడతలు పెట్టాను. ఆదివారం గుడిలోకి వెళ్తూ పెట్టెలో వేశాను. నిజం చెబుతున్నాను, వేశాక ఒళ్ళు తేలికపడింది.

ఆ ఆదివారం పాస్టరుగారు మెదక్‌లో ఏవో కూటములకు వెళ్ళారు. ఆ సంగతి ఆరాధన సగంలో గానీ నాకు తెలియలేదు. వాక్యం ఎవరో పెద్దాయన చెప్పారు. చీటీలు చదవడానికి స్త్రీల సమాజం కార్యదర్శిని పిలిచారు.

అత్తయ్య లేచి, కళ్ళజోడు తుడుచుకుని, పెట్టె దగ్గరికి నడిచారు.

నేను లేవబోయాను. మిల్కా ఒళ్ళో నిద్రపోతోంది. లేచినా ఏం చేస్తాను, అందరి ముందు పెట్టెలో చెయ్యి పెడతానా?

అత్తయ్య పాస్టరుగారిలా చదవరు. గొంతు పెంచి, ప్రతి మాటా విడదీసి చదువుతారు. మోకాళ్ళ నొప్పులు చదివారు. వీసా చదివారు. కోర్టు కేసు చదివారు. తరవాత నా నాలుగు మడతలు విప్పారు.

"ఒక కుటుంబంలో ఒక ఆడపిల్ల..." మొదటి వాక్యం బాగానే నడిచింది. ఎవరో "అయ్యో ప్రభువా" అన్నారు. "ల్యాబు చదువు చదవాలని, ఇప్పట్లో పెళ్ళి వద్దని, పాటలు..."

ఆగిపోయారు. చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. నా అక్షరాలు అత్తయ్యకు తెలుసు. పచారీ సామాను జాబితా నెలనెలా నేనే రాస్తాను.

మనవి అయిపోయిందనుకుని వెనక ఎవరో పెద్దగా "ఆమెన్" అన్నారు. అందరూ "ఆమెన్" అన్నారు.

నేను కళ్ళు తెరిచాను. ఇంకో మనిషి కళ్ళు కూడా తెరుచుకుని ఉన్నాయి. కీబోర్డు పక్కన, పాటల పుస్తకం గుండెకు ఆనించుకుని ఫెయిత్ నిలబడి ఉంది. వాళ్ళమ్మను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

అత్తయ్య చీటీ మడిచి రవికెలో దోపుకున్నారు. మిగతావి చదివారు. "ముగింపు పాట" అన్నారు. ఫెయిత్ పాడింది. ఒక్క చరణం తప్పలేదు, గొంతు వణకలేదు. నేను వెతికాను, ఎక్కడైనా తేడా దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఇన్నేళ్ళూ ఇలాగే పాడిందన్నమాట.

ఇంటికొచ్చి చెప్పులు విప్పాం.

"ఎవడాడు?" అన్నారు మా ఆయన. "పేరు చెప్పు ముందుగాల."

"ఎవ్వడు లేడన్నా. నేనే ఉన్న."

"జర సక్కగ మాట్లాడు."

"సక్కగనే మాట్లాడుతున్న. చదువుకుంటనంటే గూడ ఎవడో ఒకడు ఉండాల్నా?"

అత్తయ్య కుర్చీలో కూర్చుండిపోయారు. ఆవిడకు ఇల్లు వదలడం కంటే ఇంకొకటి గుచ్చుకున్నట్టుంది. "పాట ఇష్టం లేదా బిడ్డా నీకు? మూడేండ్ల పిల్లవప్పుడు స్టూలు మీద నిలబెట్టి పాడించిన. గప్పటి సంది ఇష్టం లేదా?"

"స్టూలు మీంచి దింపుతవని పాడిన మమ్మీ."

అత్తయ్య మొహం చూడలేకపోయాను. కాసేపటికి ఆ మొహం గట్టిపడింది. "రేపటి సంది షాపు బంద్. క్లాసు బంద్. ఫోన్ ఇటు తే."

సాయంత్రం నేను పప్పు కడుగుతుంటే ఫెయిత్ వంటింట్లోకి వచ్చింది. గట్టుకు ఆనుకుని నిలబడింది. అరుస్తుందనుకున్నాను. మామూలు గొంతుతోనే అంది.

"ఆ క్లాసుకు నువ్వు వచ్చిన దినం నేను చూసిన వదినా. మిల్కా అద్దంల నుంచి చెయ్యి ఊపింది. నేను గూడ ఊపిన. నువ్వు మూలలకు చూస్తున్నవ్."

నేను పప్పు వంకే చూస్తున్నాను.

"వదిన ఇయ్యాల అడుగుతది, రేపు అడుగుతది అనుకున్న. అడిగితే చెప్దామనుకున్న. నువ్వు నా ఎనకాల నడిచినవ్. బ్యాగ్ తీసినవ్. దేవుణ్ణి అడిగినవ్. సంఘం మొత్తాన్ని అడిగినవ్. నన్నొక్కదాన్ని అడగలే."

"నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది ఫెయిత్."

"పోతనే వదినా, గని పారిపోయినట్టు ఉండొద్దని గన్ని నెలలు రాసుకున్న. సీటు చూస్కోవాలె, రూము చూస్కోవాలె, మమ్మీకి మెల్లగ చెప్పాలె. ఒక్కొక్కటి ఏ నెలల చేయాల్నో రాసుకున్న. నువ్వు మూడు నెలల పనిని ఒక్క చీటీల ఒడగొట్టినవ్."

"నేను పేరు రాయలేదు..."

ఫెయిత్ నవ్వింది. అద్దం అవతల చూసిన నవ్వు కాదు. "పెద్ద ఉపకారం" అంది.

మంగళవారం పదకొండింటికి అత్తయ్య మందిరంలో మీటింగుకు వెళ్ళారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేను మిల్కాకు పెరుగన్నం తినిపిస్తున్నాను. ఫెయిత్ ఒక బ్యాగు భుజానికి వేసుకుని, ఇంకొకటి చేత్తో పట్టుకుని హాల్లోంచి వచ్చి నా ముందు నిలబడింది. అత్తయ్య బీరువాలో దాచిన ఫోను చేతిలో ఉంది.

"వదినా, పోతున్న. నీకు చెప్పే పోతున్న."

మా అమ్మ సంగతి ఎప్పుడో ఒక వాన రోజు దానికి చెప్పాను. అది గుర్తుపెట్టుకుని అందో, మామూలుగా అందో ఇప్పటికీ తెలియదు. "ఎక్కడికి?" అని అడిగాను. అదొక్కటే అడిగాను, అదీ ఆలస్యంగా.

"హాస్టల్‌కు. ఏదనేది చెప్పను. నీకు చెప్తే చీటీ రాస్తవ్."

మిల్కా బుగ్గ మీద అంటుకున్న మెతుకు తుడిచి మెట్లు దిగిపోయింది. నేను గిన్నె పట్టుకుని కూర్చునే ఉన్నాను. లేచి గట్టిగా అరిస్తే కింద కిరాణా కొట్టాయన పట్టుకునేవాడు. ఎందుకు అరవలేదో నాకు తెలియదు. తరవాత చూస్తే ఫ్రిజ్ మీద ఫెయిత్ ఐరన్ మాత్రలు అలాగే ఉన్నాయి. ఆ పిల్లకు రక్తం తక్కువ. ఒక పూట తిండి తప్పితే కళ్ళు తిరుగుతాయి. షోరూములో రెండుసార్లు పడిపోతే మా ఆయనే వెళ్ళి ఆటోలో తీసుకొచ్చారు. మాత్రలు పట్టుకుని కిందికి పరిగెత్తాను. సందు చివరిదాకా వెళ్ళాను. మా సందులో ఎటు చూసినా హాస్టళ్ళే. ఏ మెట్లెక్కిందో.

అప్పటినుంచీ మా ఇంట్లో అనుమానం నా ఒక్కదానిదే కాదు. "నువ్వే పంపినవ్. చీటీ రాసినట్టు రాసి నువ్వే సాగనంపినవ్" అంటారు అత్తయ్య. ఫెయిత్ పేరు ఎత్తొద్దన్నారు. ఆదివారాలు ముగింపు పాట ఇంకెవరో పాడుతున్నారు. ఆ పాట జరిగినంతసేపూ అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటారు.

మహిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి డెమో అనలేదు. "ఫెయిత్ వదినని. క్లాసుకొస్తోందా?"

అతను మార్కరు మూత పెట్టాడు, తీశాడు. "చెప్పొద్దన్నది అక్కా."

"అంటే వస్తోందన్నమాట."

"చెప్పొద్దన్నది అని సుత చెప్పొద్దన్నది. నోరు జారిన. నన్ను ఇంకేం అడగకుండ్రి."

ఆ మాటను రెండు వారాలు తిరగేసి, మరగేసి చూశాను. ఈ పక్కనే ఉంది అనుకున్నాను. మర్నాడు, ఏమో, నన్ను వదిలించుకోవడానికే అలా అన్నాడేమో అనుకున్నాను. షోరూముకు వెళ్తే మానేసిందన్నారు. కోర్సులో చేరడం వల్ల మానేసిందా, ఒంట్లో బాగోక మానేసిందా? అడిగితే బిల్లింగు దగ్గరి కొత్త పిల్ల "నాకెర్కలేదు మేడమ్" అంది.

డిసెంబరులో ఒకసారి కనబడింది. పంజాగుట్ట చౌరస్తాలో రోడ్డు దాటుతోంది. మొహం చిక్కిపోయింది. మిల్కా "అత్తా!" అని అరిచింది. ఫెయిత్ తిరిగి పాపకు చెయ్యి ఊపి, మాసబ్ ట్యాంక్ వైపు వెళ్ళే బస్సెక్కేసింది. నా వైపు కన్నెత్తి చూడలేదు. చేతిలో పుస్తకాలున్నాయా లేదా అన్నది కూడా సరిగా చూసుకోలేకపోయాను.

ఇప్పుడు ఫిబ్రవరి. తను గీతలు గీసుకున్న తారీఖు దాటిపోయింది. సీటు వచ్చిందో లేదో, గడియ ఉన్న గది దొరికిందో, ఆరుగురి మధ్య మంచం ఒకటి దొరికిందో నాకు తెలియదు. మొన్న మా ఆయన బ్యాగులో దానిమ్మ పళ్ళు కనబడ్డాయి. మా ఇంట్లో దానిమ్మ ఎవరూ తినరు. నేను బ్యాగు ముట్టుకోలేదు. ఆయన మొహం మీదే అడిగాను.

"ఏమండీ, ఫెయిత్ ఎక్కడుందో మీకు తెలుసా?"

"నాకేం తెల్వది" అన్నారు, హెల్మెట్ పెట్టుకుంటూ. హెల్మెట్ లోపలి మొహంలో అబద్ధముందో నిజముందో ఎలా తెలుస్తుంది? ఆయనకు తెలిసి ఉంటే బాగుండునని ఉంది. ఆయనకు తెలిసి, అత్తయ్యకు తెలిసి, నాకొక్కదానికే తెలియకపోయినా ఈసారి ఏడవను. కానీ ఎవరికీ తెలియకపోతే? అందరం ఇంకెవరో చూస్తున్నారులే అనుకుంటూ ఉంటే?

నేను వెతుక్కుంటూ వెళ్తే తను ఆ హాస్టల్ కూడా మారుతుంది. ఈ నాలుగు నెలల్లో నాకు అర్థమైంది అదొక్కటే. అందుకని చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు అమీర్‌పేట హాస్టళ్ళలో ఉంటున్నవారైతే, మీ అంతస్తులో పొడుగ్గా, చామనచాయగా, ఎడమ కనుబొమ మధ్యలో చిన్న తెగిన గుర్తున్న అమ్మాయి ఉంటే, ఒకసారి తలుపు తట్టండి. నా పేరు చెప్పకండి. తన బల్ల మీద కాగితాలుంటే చదవకండి. అన్నం తిన్నదా, మాత్రలు వేసుకుంటోందా, కళ్ళు తిరగడం తగ్గిందా అని అడగండి. బానే ఉన్నా అంటుంది. వెంటనే వచ్చేయకండి. ఇంకొకసారి అడిగి, చెప్పేదాకా కూర్చోండి.